పునాది తీసే ముందు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పాత వంటిల్లు పడగొట్టించి కొత్తది కట్టించుకోవాలనుకున్నప్పుడు మనం మొట్టమొదట చేసే పని ఏమిటి? మేస్త్రి గునపం పట్టకముందే అటక మీద సామానంతా దింపించుకుంటాం. అందులో చిల్లుపడిన గంగాళాలుంటాయి, ఎలుకలు కొట్టేసిన చాపలుంటాయి. వాటి మధ్యనే మామ్మగారి ఇత్తడి కుంకుమ భరిణె ఉంటుంది, తాతగారి చేతిరాతతో ఉన్న లెక్కల పుస్తకం ఉంటుంది. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసి, ఏది ఉంచుకోవాలో, ఏది పాతసామాను వాడికి వెయ్యాలో తేల్చుకున్నాకే గోడ మీద దెబ్బ పడనిస్తాం. ఇది మనకెవరూ నేర్పలేదు. ఇల్లు దిద్దుకునే ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే.

ఊరు పెరగడం కూడా ఇలాంటి పనే. మా అనకాపల్లి సంగతే చూడండి. ఒకప్పుడు బెల్లం మార్కెట్టు, నూకాలమ్మ జాతర అంటే అందరికీ గుర్తొచ్చే ఊరు ఇది. 2013లో విశాఖపట్నం నగరపాలక సంస్థలో కలిసింది. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రమయింది. రోడ్లు వెడల్పవుతున్నాయి. చెరకు తోటలున్న చోట ఇళ్ళస్థలాల లేఅవుట్లు వెలుస్తున్నాయి. కొండలు తొలిచి కంకర చేస్తున్నారు. ఇవి వద్దని నేను అనడం లేదు. మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి, ఉండడానికి ఇళ్ళు కావాలి. నా ప్రశ్న ఒక్కటే. ఈ పెద్ద ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు అటక మీద సామాను ఎవరైనా దింపి చూస్తున్నారా?

అనకాపల్లికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో సంకరం అనే గ్రామం ఉంది. బౌద్ధ భిక్షువులు నివసించే సంఘారామమే జనం నోట నలిగి సంకరమయిందని పెద్దలు చెబుతారు. అక్కడ పక్కపక్కనే రెండు కొండలు. తూర్పు వైపుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. బొజ్జన్నకొండ మీద రాతిని తొలిచి చేసిన గుహలున్నాయి. వాటిలో ఒకదానిలో పదహారు స్తంభాలు, నడుమ అదే రాతిలో మలిచిన స్తూపం. గోడల మీద కూర్చున్న బుద్ధుడి విగ్రహాలు. కొండ కొమ్మున ఉన్న పెద్ద స్తూపాన్ని ముందు రాతిలో చెక్కి, తరువాత చుట్టూ ఇటుక కట్టారు. లింగాలకొండ మీద మొక్కుబడి స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. దూరానికి లింగాల్లా కనబడడం వల్లనే ఆ పేరు. కొండ దిగువన హారీతి విగ్రహం ఉంది. బిడ్డల్ని కాచే తల్లిగా బౌద్ధులు కొలిచిన దేవత ఆవిడ. అంటే పిల్లల కోసం దండం పెట్టుకున్న తల్లులు ఆ రోజుల్లోనూ ఆ దారినే నడిచారన్నమాట.

మా చిన్నప్పుడు ఇవేవీ మాకు తెలియవు. కనుమనాడు సంకరంలో తీర్థం జరిగేది. బళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. జీళ్ళు, ఖర్జూరాలు కొనుక్కునేవాళ్ళం. కొండ మీద బొజ్జలాంటి ఆకారం ఒకటి కనిపిస్తే అది రాక్షసుడిదని, దాన్ని రాళ్ళతో కొట్టాలని ఆచారం. చిన్నతనంలో నేనూ విసిరాను. బుద్ధుడి కొండని తెలియక చేసిన పని అది. ఇటీవలి సంవత్సరాల్లో ఇంటాక్ సంస్థవారు, బౌద్ధ భిక్షువులు పూనుకుని నచ్చచెప్పగా, అధికారులు ఆ ఆచారాన్ని ఆపించారు. తెలియనంతవరకూ మనమే రాళ్ళు వేస్తాం, తెలిశాక మనమే చెయ్యి దించుతాం. నేనీ రోజు చెప్పదలచుకున్నదానికి మూలం ఈ మాటే.

సంకరంలో 1907–08లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు శాఖ అధికారి తవ్వకాలు జరిపించారు. కుండపెంకులతో పాటు సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి, తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణేలు, శాతవాహనుల సీసపు నాణెం దొరికాయి. సముద్రగుప్తుడు నాలుగో శతాబ్దపు వాడు, విష్ణువర్ధనుడు ఏడో శతాబ్దపు వాడు. చిన్న చిన్న బిళ్ళలే గాని, ఈ కొండకు వందల ఏళ్ళ పాటు రాకపోకలు సాగాయని అవి సాక్ష్యం చెప్పాయి. నాణెం అంగడిలో అమ్మితే దాని లోహం ఖరీదు వస్తుంది. అది ఎక్కడ, ఎంత లోతున, ఏ వస్తువు పక్కన దొరికిందో రాసిపెడితేనే చరిత్ర వస్తుంది. పొక్లెయిను ఒక్కసారి ఎత్తి లారీలో పోసిందంటే నాణెం మిగలవచ్చు గాని, ఆ సాక్ష్యం మిగలదు.

ఇంకొక మాట ఆలోచించండి. కొండ మీద భిక్షువులు వంట చేసుకుని, పంట పండించుకుని బతికేవారు కాదు గదా! వారికి భిక్ష వేసిన ఇల్లాళ్ళు ఎక్కడ ఉండేవారు? కుండలు చేసిన కుమ్మరి ఎక్కడ? ఇటుక కాల్చిన బట్టీ ఎక్కడ? కొండకు రక్షణ ఉంది, కేంద్ర పురావస్తు శాఖ బోర్డు ఉంది. కానీ ఆ కొండను పోషించిన ఊళ్ళు కింద పొలాల్లోనే ఎక్కడో ఉండి ఉండాలి. అక్కడ బోర్డులుండవు. ఇవాళ లేఅవుట్లు పడుతున్నది అటువంటి పొలాల్లోనే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మా అత్తవారి ఊరు శారదానది ఒడ్డున చిన్న పల్లె. నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో మా మామగారు దిబ్బపొలంలో పశువులశాల కట్టించారు. పునాది తీస్తుంటే పెద్ద పెద్ద ఇటుకలు బయటపడ్డాయి. ఇప్పటి ఇటుకకు రెండింతలు, మూడింతలుంటాయి. "ఓలమ్మ, ఎంతేసి ఇటుకలో!" అని కూలి వచ్చిన ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు. వాటిని నూతి దగ్గర బట్టలుతుక్కునే చోట పరిపించాం. ఒక చిన్న ముంతలో నల్లగా, బరువుగా పాతిక ముప్ఫై బిళ్ళలు కూడా దొరికాయి. వెండో బంగారమో కాదని తేలాక వాటి మీద ఎవరికీ ఆశ లేకపోయింది. మా మరిదికి చేపల సరదా. ఆ బిళ్ళలు సీసమని కనిపెట్టి, మూకుట్లో కరగబోసి వలకు గుళ్ళు చేసుకున్నాడు. ఆ పొయ్యి రాజేసింది నేనే.

చాలా ఏళ్ళకు పిల్లల్ని తీసుకుని ఒక మ్యూజియం చూడడానికి వెళ్ళాను. అద్దాల పెట్టెలో మఖమలు గుడ్డ మీద రెండు సీసపు బిళ్ళలు పెట్టి ఉన్నాయి. పక్కన కాగితం మీద 'శాతవాహనుల నాణెములు' అని రాసి ఉంది. చూడగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మావి కూడా సరిగ్గా అవేనని నేను ప్రమాణం చెయ్యలేను. ఎలా చెయ్యను? చూపించడానికి ఒక్కటైనా మిగల్లేదు. మా ఊరికి రెండువేల ఏళ్ళ చరిత్ర ఉందో లేదో చెప్పగలిగిన సాక్షులు ఏనాడో నది అడుగున ఇసుకలో కలిసిపోయాయి.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1797లో కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ అధికారి అమరావతికి వచ్చేనాటికి, జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి కొత్త పట్నానికి రాయి కోసం, ఇటుక కోసం అక్కడి దీపాలదిన్నెను తవ్వుతున్నారు. అది మహాచైత్యమని తవ్వేవారికి తెలియదు. శిల్పాలు చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం ఇవాళ చెన్నై మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. పట్నం కట్టడం తప్పు కాదు. చూడకుండా కట్టడం వల్లనే అంత నష్టమూ జరిగింది.

చూసి కడితే ఎలా ఉంటుందో కూడా మన తెలుగుదేశమే చూపించింది. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట కడితే నాగార్జునకొండ లోయ మునిగిపోతుంది. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఆనకట్ట మానలేదు, లోయను అలాగే ముంచెయ్యనూ లేదు. 1954 నుంచి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా గాలించారు. నూరుకు పైగా స్థలాలు తవ్వి, కొలతలు తీసి, రాసిపెట్టారు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను ఊడదీసి కొండ మీద మళ్ళీ కట్టారు. మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలాన్ని అనుపు దగ్గరకు చేర్చారు. 1966లో మ్యూజియం తెరిచారు. ఇవాళ ఆ కొండ నీళ్ళ మధ్య దీవి, పడవ మీద వెళ్ళి చూసి రావచ్చు.

ఆ లోయలోని శాసనాలలో ఎవరి పేర్లున్నాయనుకున్నారు? మహాచైత్యానికి స్తంభాలు దానం చేసిన చాంతిసిరి, రాజుగారి తోబుట్టువు. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిన బోధిసిరి అనే ఉపాసిక. ఆమె రాణి కాదు, మనలాంటి గృహస్థురాలు. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక ఇల్లాలు చేసిన దానం రాతి మీద ఉండబట్టే ఇవాళ మనం చెప్పుకుంటున్నాం.

శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడూ ఇలాగే కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ళనూ తరలించారు. ఈజిప్టులో నైలునది ఆనకట్టకు మునగవలసిన అబూ సింబెల్ ఆలయాలను 1964, 1968 మధ్య కోసి, ఎత్తున తిరిగి కట్టిన సంగతి మీరు వినే ఉంటారు. నాగార్జునకొండ తవ్వకాలు అంతకు ముందే మొదలయ్యాయి. ఆ మాట మన పిల్లలకు గర్వంగా చెప్పవచ్చు.

ఇంకా దగ్గర ఉదాహరణ విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న తొట్లకొండ. 1976లో నావికాదళంవారు తమ కేంద్రం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఆ కొండ మీద బౌద్ధారామం ఆనవాళ్ళు కంటబడ్డాయి. తరువాత 1988 నుంచి కొన్నేళ్ళు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. స్తూపాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు బయటపడ్డాయి. ఆ తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. వంటశాల, కొట్టు గది, భోజనశాల కూడా ఉన్నాయి. పిల్లల్తో వెళ్ళినప్పుడు ఆ వంటిల్లు తప్పక చూడండి, మనకు వెంటనే అర్థమవుతుంది. కట్టడానికి ముందు చూశారు కాబట్టి అది మిగిలింది.

అయితే ఈ చూడడం అనేది ఎలా చేస్తారు? ఇదేదో పెద్ద చదువులవారి వ్యవహారం అనుకోకండి. దీని క్రమం మనం బియ్యం ఏరే క్రమమే. మొదట కూర్చుని చేసే పని. పాత తవ్వకాల నివేదికలు, పాత పటాలు, గ్రామ రికార్డులు తిరగేస్తారు. పొలాల పేర్లు అడుగుతారు. దిబ్బపొలం, పాటిమీద, కోటగరువు వంటి పేర్లు ఊరికే పుట్టవు. మన జిల్లాలోనే రాంబిల్లి మండలం కొత్తూరులో ఉన్న బౌద్ధక్షేత్రాన్ని జనం ధనదిబ్బలు అంటారు. ఆ పేరు వింటేనే ఇక్కడేదో ఉందని తెలియడం లేదూ? రెండో మెట్టు నడక. స్థలాన్ని గళ్ళుగా విడదీసి అడుగడుగునా నడుస్తూ కుండపెంకులు, ఇటుక ముక్కలు ఏ గడిలో ఎన్ని కనిపించాయో గుర్తిస్తారు. ఊరి పెద్దవాళ్ళని, ముఖ్యంగా పొలం పనులు చేసే ఆడవాళ్ళని అడుగుతారు. కలుపు తీసే చేతికి తెలిసినంత కంటికి తెలియదు. మూడో మెట్టు, అనుమానమున్న చోట చిన్న గుంటలు జాగ్రత్తగా తీసి, కింద పొరలున్నాయేమో చూడడం.

అప్పుడు విలువ కడతారు. ఇది ఎంత పాతది, ఎంత చెక్కుచెదరకుండా ఉంది, ఇటువంటివి ఇంకెక్కడైనా ఉన్నాయా అని. చివరకు, రాబోయే కట్టడం వల్ల ఏం జరుగుతుందని. తవ్వితే పోతుందన్నది తేలికగా తెలిసేదే. తవ్వకపోయినా దగ్గర్లో రాయి పేల్చితే అదురుకు పాత గోడ బీటలిస్తుంది. రోడ్డు ఎత్తు పెంచితే వాననీరు వచ్చి స్తూపం అడుగున నిలుస్తుంది. కంకర దుమ్ము శిల్పం మీద పేరుకుంటుంది. ఇవన్నీ ముందే లెక్క వెయ్యాలి.

"లెక్క తేలాక పని ఆపేస్తారా?" అని మీరడగవచ్చు. నూటికి నూరుపాళ్ళు ఆపడం అరుదు. దారులు చాలా ఉన్నాయి. అన్నిటికన్నా మంచిది పక్కకు జరగడం. రోడ్డును కాస్త వంచడం, ఆ చోటును పార్కుగా వదలడం. అది కుదరకపోతే మట్టి, ఇసుక కప్పి, లోతు పునాదులు లేకుండా భద్రపరచడం. అదీ కుదరకపోతే శాస్త్రప్రకారం తవ్వి, అంతా రాసి, వస్తువులు మ్యూజియంకు చేర్చడం. తరలించడం ఆఖరి మాట. నాగార్జునకొండలోనైనా తొమ్మిదింటినే తరలించగలిగారు గాని లోయను తరలించలేకపోయారు గదా!

చట్టాలు కూడా ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్రం రక్షించే కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం. ఆపైన రెండువందల మీటర్లలో అనుమతి తీసుకునే కట్టాలి. ఆ ప్రాంతంలో పెద్ద ప్రాజెక్టులు వస్తే వాటి ప్రభావం పరిశీలించే పని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు అప్పగించారు. భారీ పరిశ్రమలకు, గనులకు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషను వర్తిస్తుంది. పదిహేను కిలోమీటర్లలో చట్టరక్షణ ఉన్న సాంస్కృతిక స్థలాలేమున్నాయో దరఖాస్తులోనే చెప్పాలి. చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతారు, పత్రికలో ముందుగా ప్రకటన వస్తుంది. ఆ సభకు మగవాళ్ళే వెళ్ళాలని ఎక్కడా రాసి లేదు. ఇక భూమిలో పాతిపెట్టిన విలువైన వస్తువులు పది రూపాయలకు మించినవి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. దాచితే శిక్ష ఉంది. చెప్పినవారికి హక్కులూ ఆ చట్టంలోనే ఉన్నాయి. ఈ సంగతి తెలియకనే మన వాళ్ళు భయపడి దాచేస్తారు, లేదా కరిగించేస్తారు.

మళ్ళీ మా ఊరికి వస్తాను. ఈ మధ్య మా మరిది కొడుకు ఆ దిబ్బపొలం లేఅవుటు వేయిస్తానని బయలుదేరాడు. "నాయనా, యంత్రం దింపకముందు ఒకసారి తెలిసినవాళ్ళకి చూపించు" అన్నాను. "పెద్దమ్మా, వాళ్ళొస్తే పొలం మొత్తం పోతుంది. మీ సీసం కథ కోసం నా బతుకు ఆపమంటావా?" అన్నాడు. వాడి భయం వట్టిది కాదు. అప్పు చేసి ఉన్నాడు. నేను ఊరుకోలేదు. పురావస్తు శాఖకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చేలోగానే దారి కోసం దిబ్బలో ఒక కొస తీసేశారు. ఆ మట్టికుప్పలో నల్లని, ఎర్రని పెంకులు నా కళ్ళారా చూశాను. తరువాత చూడవచ్చినవారు మిగిలిన దిబ్బలో ఇటుక వరసలున్నాయని గుర్తించి, అక్కడ తవ్వవద్దని సలహా చెప్పారు. లేఅవుట్లో ఎలాగూ ఉమ్మడి ఖాళీ జాగా వదలాలి గదా, దాన్ని ఆ మూలకి మార్చమన్నాను. పటం మళ్ళీ గీయించాడు. రోడ్డు ముఖంగా ఉన్న నాలుగు ప్లాట్లు వెనక్కి జరిగాయి. వాడికి కొంత నష్టమే. నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. పొలం మాత్రం పోలేదు. సగం దిబ్బ పోయింది, సగం నిలిచింది. నెల ముందు రాసి ఉంటే మొత్తం నిలిచేదేమో!

అందుకే మీతో ఈ నాలుగు మాటలు. మీ ఇంటికో, పొలానికో పునాది తీస్తుంటే ఆ మొదటి రోజు మీరు దగ్గరుండండి. పెద్ద ఇటుక, చెక్కిన రాయి, నాణెం, పెంకుల గుట్ట, ఏది కనిపించినా అక్కడ పని ఆపించి, ఉన్నది ఉన్నచోటే ఉంచి ఫోటో తియ్యండి. కడగవద్దు, గీకి చూడవద్దు. తహసీల్దారుకో, పురావస్తు శాఖకో రాతపూర్వకంగా తెలపండి. పని మొదలుపెట్టక ముందే అడగడం మరీ మంచిది, అప్పుడు పటం మార్చడానికి ఖర్చు కాగితం ఖర్చే. మీ అత్తగార్లని, అమ్మమ్మల్ని కూర్చోబెట్టి ఊళ్ళోని దిబ్బల పేర్లు, నూతుల పేర్లు, వాటి కథలు రాసుకోండి. రేపు ఎవరైనా సర్వేకు వస్తే ఆ నోటుపుస్తకమే మొదటి ఆధారం.

మా నూతి దగ్గర ఆ పెద్ద ఇటుకలు మొన్నటిదాకా ఉన్నాయి. బట్టలుతికి ఉతికి అరిగిపోయాయి. వాటిలో ఒకటి తీసి, కడిగి, ఎక్కడ దొరికిందో కాగితం రాసి మా మనవరాలి చేతికిచ్చాను. "ఇది ఎవరింటిది మామ్మా?" అని అడిగింది. ఆ జవాబు ఇంకా ఆ సగం దిబ్బలోనే ఉంది. దాన్ని తవ్వి చదవడానికి తెలిసినవారు వచ్చేదాకా కాపలా కాయడం మన వంతు.